వైఫై ఉంది, నెట్ లేదు! ఆండ్రాయిడ్ ప్రాక్సీపై సందేహాలు - సమాధానాలు

ఈసారి ఎమ్మిగనూరు, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే భయం చుట్టూ తిరిగాయి. ఫోన్‌లో ప్రాక్సీ అనే మాట కనబడింది, మాకేమైనా ప్రమాదమా అని. ఎక్కువ మందికి ఏ ప్రమాదమూ లేదు. లేనివాళ్లకు ఎందుకు లేదో, ఉన్న కొద్దిమందికి ఏం చేయాలో ఒక్కొక్కరికీ చెబుతాను.

సందేహం: సెలవులకు వచ్చిన మా తమ్ముని కొడుకు యాడ్లు రాకుండా చేస్తానని నా ఫోన్‌లో ఏందో మార్చినాడు. వాడు పోయినప్పట్నుంచి ఇంట్లో వైఫై కనెక్టెడ్ అని చూపిస్తాది గానీ ఏదీ తెరుచుకోదు. చీరల ఫొటోలు వాట్సాప్‌లో పంపేదే మా యాపారం. ఫోన్ హ్యాక్ అయినట్లేనా సార్?
— ఒక చేనేత గృహిణి, ఎమ్మిగనూరు

సమాధానం: కాలేదమ్మా, మీ ఫోనూ భద్రం, ఫొటోలూ భద్రం. యాడ్లు ఆపే కొన్ని యాప్‌ల కోసం వైఫైలో ఒక ప్రాక్సీ చిరునామా రాయాల్సి వస్తుంది. యాప్ తీసేసినా ఆ రాత అలాగే ఉండిపోతుంది, ఫోన్ ఆ లేని చిరునామా కోసం వెతుకుతూ కూర్చుంటుంది. సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి, మీ ఇంటి వైఫై పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కండి (కొన్ని ఫోన్లలో పెన్సిల్ గానీ బాణం గానీ ఉంటుంది). అడ్వాన్స్‌డ్ లేదా వ్యూ మోర్ అన్నచోట ప్రాక్సీ కనిపిస్తుంది. దాన్ని ‘నన్’ అని మార్చి సేవ్ చేయండి. అప్పటికీ రాకపోతే ఇంట్లో ఇంకో ఫోన్‌లో చూడండి. దాంట్లోనూ రాకుంటే లోపం కనెక్షన్‌ది, మీ ఫోన్‌ది కాదు.

సందేహం: మా మనవడి కాలేజీలో ప్రాక్సీ సర్వర్ ద్వారానే నెట్ ఇస్తారట. అంటే పిల్లవాడు ఏం చూసినా, ఏం రాసినా అంతా మూడో మనిషి చేతిలో పెట్టినట్లే కదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆదోని

సమాధానం: అంత కంగారు అవసరం లేదు మాస్టారూ. మీ ఊరి పత్తి యార్డులో రైతుకూ కొనేవాడికీ మధ్య కమీషన్ ఏజెంటు ఉంటాడు చూడండి, ఫోన్‌కూ వెబ్‌సైటుకూ మధ్య ప్రాక్సీ కూడా అలాంటిదే: మీరు అడిగింది తాను వెళ్లి తెచ్చిస్తుంది. వందల ఫోన్లను ఒకే ద్వారం గుండా పంపితే ఏ సైటు అనుమతించాలో, ఎవరు ఎంత వాడారో చూసుకోవడం కాలేజీకి సులువు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ అనే తాళంతో నడుస్తున్నాయి కాబట్టి, మనవడు ఏ సైటుకు వెళ్లాడో ప్రాక్సీకి తెలుస్తుంది గానీ లోపల ఏం రాశాడో తెలియదు. మధ్యవర్తి ఎవరో తెలిసినంతవరకు భయం లేదు; ఎవరో తెలియనప్పుడే జాగ్రత్తపడాలి.

సందేహం: కర్నూలులో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరాను. హాస్టల్‌లో ఒక చిరునామా, ఒక పోర్ట్ నంబరు రాసిన చీటీ ఇచ్చారు. ఎలా ఎక్కించినా ‘ప్రాక్సీ కనెక్షన్ ఫెయిల్డ్’ అంటోంది. ఫోన్ పాడైందా?
— విద్యార్థి, స్వస్థలం ఎమ్మిగనూరు

సమాధానం: ఫోన్‌కేమీ కాలేదు, ఎక్కడో ఒక అక్షరం తప్పి ఉంటుంది. ప్రాక్సీ దగ్గర ‘మాన్యువల్’ ఎంచుకుంటే హోస్ట్‌నేమ్, పోర్ట్ అనే రెండు గడులు వస్తాయి. హోస్ట్‌నేమ్‌లో ముందు హెచ్‌టీటీపీ అని గానీ, చివర ఏటవాలు గీత (/) గానీ, మధ్యలో ఖాళీ గానీ ఉండకూడదు. పోర్ట్‌లో అంకెలు మాత్రమే రాయాలి. 8080, 3128 అనేవి ఎక్కువగా కనిపించే పోర్ట్‌లు, మీ చీటీలో వేరే ఉంటే అదే సరైనది. చిరునామా 10తో గానీ 192.168తో గానీ మొదలైతే అది క్యాంపస్ లోపలిది. హాస్టల్ వైఫై మీద ఉన్నప్పుడే పనిచేస్తుంది.

సందేహం: కాలేజీ ప్రాక్సీ పెట్టాక క్రోమ్‌లో అన్నీ వస్తున్నాయి. వాట్సాప్ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో అమ్మ కంగారుపడుతోంది. నా నంబరు బ్లాక్ చేశారేమో అని భయంగా ఉంది.
— డిగ్రీ విద్యార్థిని, ఆదోని

సమాధానం: మీ నంబరును ఎవరూ బ్లాక్ చేయలేదు, ముందు మొబైల్ డేటా మీద అమ్మకు ఒక మెసేజ్ పెట్టేయండి. ఈ ప్రాక్సీని బ్రౌజర్ వాడుకుంటుంది, మిగతా యాప్‌లు వాడుకోకపోవచ్చు అని ఆండ్రాయిడే ఆ పేజీలో చిన్న అక్షరాల్లో చెబుతుంది. 2023 జనవరిలో వాట్సాప్ తనకంటూ విడిగా ఒక ప్రాక్సీ సెట్టింగ్ తెచ్చింది గానీ, దానికి వాట్సాప్ కోసమే సిద్ధం చేసిన సర్వర్ కావాలి. కాలేజీ చిరునామా అక్కడ రాస్తే పనిచేయదు. మొబైల్ డేటా మీద కూడా రోజంతా రాకపోతే అప్పుడు యాప్‌ను అప్‌డేట్ చేసి చూడాలి.

సందేహం: హాస్టల్ వైఫైలో బ్రౌజర్ తెరిచినప్పుడల్లా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇచ్చిన పది నిమిషాలకే మళ్లీ అడుగుతోంది. ఎవరైనా నా పాస్‌వర్డ్ కాజేస్తున్నారా?
— పాలిటెక్నిక్ విద్యార్థి, ఆదోని

సమాధానం: కాజేయడం కాదు, ఇది ప్రాక్సీ ద్వారం దగ్గర జరిగే తనిఖీ. కాలేజీ ఇచ్చిన గుర్తింపుతోనే లోపలికి పంపేలా కొన్ని ప్రాక్సీలను ఏర్పాటు చేస్తారు. బ్రౌజర్ మూసినా, కాసేపు వాడకపోయినా మళ్లీ అడగడం మామూలే. ఒక్క జాగ్రత్త చాలు: ఆ పాస్‌వర్డ్ మీ జీమెయిల్‌కో బ్యాంకుకో వాడేది కాకూడదు. అదే పేజీ ఆధార్ నంబరో, కార్డు నంబరో, ఓటీపీనో అడిగితే అది కాలేజీ పేజీ కాదు, వెంటనే మూసేసి ల్యాబ్‌లో చెప్పండి.

సందేహం: నెట్ రావాలంటే ఒక సర్టిఫికెట్ ఫైలు ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. చేశాక ‘మీ నెట్‌వర్క్‌ను ఎవరైనా గమనిస్తుండవచ్చు’ అనే అర్థంతో నోటిఫికేషన్ వచ్చింది. నిద్ర పట్టడం లేదు సార్.
— ఎంబీఏ విద్యార్థిని, ఎమ్మిగనూరు

సమాధానం: నిద్ర పోగొట్టుకోవద్దు, ఆ నోటీసు ఆండ్రాయిడ్ మీ మేలు కోరి ఇచ్చిందే. కానీ మీరు అడగడం మంచిదైంది: ఇలాంటి సర్టిఫికెట్ ఉంటే ఆ ప్రాక్సీ హెచ్‌టీటీపీఎస్ తాళం ఉన్న సైట్లను కూడా మధ్యలో విప్పి చూడగలదు. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి మామూలుగా యాప్‌లు మనం చేర్చిన సర్టిఫికెట్లను నమ్మవు, కాబట్టి ఎక్కువ ప్రభావం బ్రౌజర్ మీదే. కాలేజీ అధికారికంగా ఇచ్చినదైతే చదువు పనికి వాడుకోండి, డబ్బు పనులు మొబైల్ డేటా మీద చేసుకోండి. స్నేహితులో, ముక్కూమొహం తెలియనివారో పంపినదైతే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద క్రెడెన్షియల్స్ తెరిచి, ‘యూజర్’ వరుసలో ఉన్నదాన్ని ఈరోజే తీసేయండి.

సందేహం: కొత్త ఆఫీసులో అంకెలేమీ ఇవ్వలేదు, చివర పీఏసీ అని ఉన్న ఒక లింకు ఇచ్చారు. ఇది నొక్కితే వైరస్ వస్తుందా?
— ప్రైవేటు ఉద్యోగి, స్వస్థలం ఆదోని, ప్రస్తుతం హైదరాబాద్

సమాధానం: అది నొక్కే లింకు కాదు, ఫోన్‌కు ఇచ్చే దారి పట్టిక. ప్రాక్సీ దగ్గర ‘ఆటో కాన్ఫిగ్’ ఎంచుకుని అక్కడి గడిలో దాన్ని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఏ సైటుకు ప్రాక్సీ గుండా పోవాలో, దేనికి నేరుగా పోవాలో ఆ ఫైలు చెబుతుంది. ఆండ్రాయిడ్ 5 నుంచీ ఈ సౌకర్యం ఉంది. మీ ఆఫీసు ఐటీవాళ్లు ఇచ్చినదైతే నిశ్చింతగా పెట్టండి. వాట్సాప్ గ్రూపులో చేతులు మారి వచ్చినదైతే వద్దు.

సందేహం: మా అబ్బాయి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ప్రాక్సీ తీసేయల్లనా? తియ్యకుంటే మా ఇంటి వైఫై చెడిపోతాదని పక్కింటాయన అంటాండాడు.
— కిరాణా వ్యాపారి, ఎమ్మిగనూరు

సమాధానం: తీయనక్కర్లేదు, మీ వైఫైకి ఏమీ కాదు. ఆండ్రాయిడ్‌లో ప్రాక్సీ ఒక్కో వైఫై పేరుకు విడివిడిగా రాసి ఉంటుంది; హాస్టల్ వైఫైకి రాసినది మీ ఇంటి వైఫైకి గానీ, మొబైల్ డేటాకు గానీ తగలదు. అబ్బాయి చదువు ముగించుకుని వచ్చేసినప్పుడు మాత్రం హాస్టల్ వైఫై పేరు మీద ‘ఫర్గెట్’ నొక్కమనండి. పాస్‌వర్డుతో పాటు ప్రాక్సీ కూడా చెరిగిపోతుంది.

సందేహం: సోమప్ప సర్కిల్ కాడ ఒక షాపులో నెట్ స్పీడు పెంచుతామని సిమ్ సెట్టింగుల్లో ప్రాక్సీ నంబరు ఎక్కించినారు. అప్పట్నుంచి పొలం కాడ అసలు నెట్టే రాదు. సిమ్ మార్చల్లనా?
— రైతు, ఎమ్మిగనూరు మండలం

సమాధానం: సిమ్ మార్చే ఖర్చు మీకు అక్కర్లేదు, రెండు నిమిషాల పని ఇది. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ నేమ్స్ అని ఉంటుంది. అక్కడ మూడు చుక్కలు నొక్కి ‘రీసెట్ టు డిఫాల్ట్’ అనండి. జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్ వంటి పేరు ఉంటే చాలు, ప్రాక్సీ, పోర్ట్ గడులు ఖాళీగా ఉండాలి. చిన్న కీప్యాడ్ ఫోన్లలో వ్యాప్ అనే పాతకాలపు నెట్ నడిచిన రోజుల్లో అక్కడ ప్రాక్సీ రాయాల్సి వచ్చేది, ఆ అలవాటు కొన్ని షాపుల్లో ఇంకా పోలేదు. ప్రాక్సీతో సిగ్నల్ పెరగదు. డిఫాల్ట్ చేశాక కూడా పొలం దగ్గర మాత్రమే రాకపోతే అది టవర్ దూరం.

సందేహం: ఫ్రీ నెట్ అని ఒక వీడియోలో చెప్పిన ప్రాక్సీ చిరునామా పెట్టి రెండు రోజులు వాడాను. అందులోనే ఫోన్‌పే కూడా చేశాను. ఇప్పుడు ఖాతాలో డబ్బు పోతుందా?
— ఇంటర్ విద్యార్థి, ఆదోని

సమాధానం: గాబరా పడకు నాయనా, డబ్బు చెల్లించే యాప్‌లు తమ మాటను తామే తాళం వేసి పంపుతాయి, ప్రాక్సీ దాన్ని మామూలుగా విప్పలేదు. అయినా ఆ చిరునామా ఎవరిదో నీకు తెలియదు. తాళం లేని సైట్లలో నువ్వు రాసింది వాళ్లు చదవగలరు, నకిలీ పేజీ చూపించగలరు. ఇప్పుడే ప్రాక్సీని ‘నన్’ చేసి, ఆ రెండు రోజుల్లో బ్రౌజర్‌లో కొట్టిన పాస్‌వర్డులు మార్చుకో. వీడియో చెప్పిందని ఏదైనా యాప్ గానీ సర్టిఫికెట్ గానీ ఎక్కించి ఉంటేనే కాస్త ఎక్కువ జాగ్రత్త: అవి తీసేసి, వారం రోజులు ఖాతా చూసుకుంటూ ఉండు.

సందేహం: గుంతకల్లు స్టేషన్‌లో రైల్వే వైఫైకి కలిపితే కనెక్ట్ అవుతుంది గానీ ఓటీపీ అడిగే పేజీ రాదు. నా పక్కవాళ్లందరికీ వస్తోంది. నా ఫోన్‌కే ఎందుకిలా?
— ఉద్యోగి, ఆదోని

సమాధానం: మీ ఫోన్‌లో లోపం లేదు, దానికి ముందే వేరే దారి చెప్పి ఉంచారు, అంతే. రైల్‌టెల్ వారి రైల్‌వైర్ వైఫై మొదట తన లాగిన్ పేజీ చూపించి, నంబరు సరిచూశాకే నెట్ వదులుతుంది. రోజుకు మొదటి అరగంట ఉచితం. ఆ వైఫై పేరు మీద రాసిన ప్రాక్సీ గానీ, మీ ఫోన్‌లో వీపీఎన్ గానీ, ప్రైవేట్ డీఎన్‌ఎస్‌లో రాసిన పేరు గానీ ఉంటే ఆ పేజీ రాకుండా అడ్డుపడతాయి. ప్రాక్సీని ‘నన్’, ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ను ‘ఆటోమేటిక్’ చేసి, వైఫై ఒకసారి ఆపి మళ్లీ వేయండి. ఓటీపీ తప్ప బ్యాంకు వివరాలేవైనా అడిగే ఉచిత వైఫై పేజీ ఎక్కడ కనబడినా వదిలేయండి.

సందేహం: పత్తి ధర చూద్దామని యార్డు దగ్గర ఒక ఆఫీసు వైఫైలో ఈ-నామ్ యాప్ తెరిస్తే రాలేదు. అప్పుడే మా సరుకుకు టెండరు నడుస్తోంది. మా లాటు వివరాలు పోయుంటాయా?
— రైతు, ఆదోని మండలం

సమాధానం: పోవు, ఆ వివరాలు మీ ఫోన్‌లో ఉండవు, ఈ-నామ్ సర్వర్‌లో ఉంటాయి. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ వ్యవస్థలో లాటు నమోదు, ధర కోట్ చేయడం అంతా అక్కడే జరుగుతుంది. మీరు చూసినా చూడకపోయినా అది నడుస్తుంది. ఆ ఆఫీసు వైఫై ప్రాక్సీతో నడుస్తుంటే కొన్ని యాప్‌లు తెరుచుకోవు, మీ మొబైల్ డేటా వేసి చూడండి. అప్పటికీ కనబడకపోతే ఫోన్‌తో కుస్తీ పట్టకుండా లాటు చీటీతో యార్డు కార్యాలయంలో అడగండి, అది మీ హక్కు.

సందేహం: మా పాపకు 2022 డిసెంబరులో బడిలో ఇచ్చిన ట్యాబ్‌లో కొన్ని సెట్టింగులు మసకగా ఉన్నాయి, నొక్కితే కదలవు. ప్రాక్సీ కూడా మార్చనీయడం లేదు. ఎవరైనా దూరం నుంచి చూస్తున్నారా?
— ఒక తల్లి, ఎమ్మిగనూరు

సమాధానం: కంగారు పడకండమ్మా, అది ట్యాబ్‌కు వేసిన తాళం. రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ఆ ట్యాబ్‌లు చదువుకే వాడేలా నియంత్రణ సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చింది, అలాంటి పరికరాల్లో కొన్ని సెట్టింగులు అడ్మిన్ చేతిలోనే ఉంటాయి. లాక్ తీస్తామనే షాపులకు ఇవ్వకండి. అక్కడ ఎక్కించే తెలియని సాఫ్ట్‌వేరే అసలు ప్రమాదం. మీ సొంత డబ్బుతో కొన్న ఫోన్‌లో ‘ఈ పరికరం ఒక సంస్థకు చెందినది’ అని కనబడితే మాత్రం బిల్లు తీసుకుని కొన్నచోటికి వెళ్లండి.

సందేహం: పేరు తెలియని కంపెనీ ఆండ్రాయిడ్ టీవీ బాక్సు చవగ్గా వస్తే కొన్నాను. టీవీ ఆపేసినా రూటర్ లైటు టకటకా మెరుస్తూనే ఉంటుంది, నెల డేటా ముందే అయిపోతోంది. పాత బాక్సు ఇలా చేయలేదు.
— బట్టల వ్యాపారి, ఆదోని

సమాధానం: మీరు గమనించింది నిజంగా పట్టించుకోవాల్సిన సంగతే, కానీ చేతిలో ఉన్న పనే. కొన్ని పేరులేని బాక్సుల్లో మీకు తెలియకుండా మీ కనెక్షన్‌నే ఇతరులకు ప్రాక్సీగా మార్చే సాఫ్ట్‌వేర్ ముందే ఉంటుంది, బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో ఇలాంటి వాటి గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. మీది అదేనని ఇక్కడి నుంచి చెప్పలేను. బాక్సును రెండు రోజులు ప్లగ్ తీసేసి ఉంచండి. డేటా ఖర్చు అప్పుడు తగ్గితే దాన్ని మళ్లీ పెట్టకండి, వైఫై పాస్‌వర్డ్ మార్చేయండి. ఈసారి ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ ఉన్న బాక్సే చూసి తీసుకోండి.

సందేహం: ‘మీ మిగులు ఇంటర్నెట్ పంచండి, డబ్బు సంపాదించండి’ అనే యాప్ వేసుకున్నాను. నెలకు కొంత వస్తోంది కూడా. ఇందులో తప్పుందా అని మా ఆయన అడుగుతున్నారు.
— గృహిణి, మంత్రాలయం

సమాధానం: మీరు తప్పేమీ చేయలేదు, కానీ మీ వారి అనుమానం సరైనదే. ఆ యాప్ మీ ఫోన్‌ను ఊరూపేరూ తెలియనివాళ్లకు ప్రాక్సీగా అద్దెకు ఇస్తుంది. వాళ్లు నెట్‌లో చేసే ప్రతి పనీ మీ కనెక్షన్ చిరునామా మీదే నమోదవుతుంది. వాళ్లలో ఒకడు మోసం చేస్తే విచారణ మొదట మీ ఇంటి గుమ్మం దగ్గరికే వస్తుంది. ఆ కొద్దిపాటి డబ్బు వదులుకుని యాప్ తీసేయండి, ఇప్పటివరకు వాడినందుకు భయపడుతూ కూర్చోవద్దు.

సందేహం: మా ఆయన దుబాయిలో ఉంటారు. వాట్సాప్ కాల్ కలవదు. నా ఫోన్‌లో ప్రాక్సీ పెడితే కలుస్తుందని ఎవరో చెప్పారు. పెట్టవచ్చా?
— ఒక భార్య, ఆదోని

సమాధానం: మీ బాధ అర్థమైంది, కానీ మీ ఫోన్‌లో ఏం మార్చినా ఫలితం ఉండదు, ఆంక్ష ఉన్నది అక్కడి వైపు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు; నేరానికి వాడేందుకు ఐపీ చిరునామా మార్చారని తేలితే అక్కడి సైబర్ చట్టం కింద 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంది, కాబట్టి ఆయన్నూ ప్రయోగాలు చేయొద్దని చెప్పండి. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్ ఇద్దరూ వేసుకుంటే మాట్లాడుకోవచ్చు. వాట్సాప్ మెసేజీలు, వాయిస్ నోట్లు ఎటూ వెళ్తూనే ఉంటాయి.

సందేహం: బ్రౌజర్‌లో ఒక ప్రాక్సీ సైటు తెరిచి, హాస్టల్‌లో బ్లాక్ చేసిన క్రికెట్ సైటు చూశాను. మన దేశంలో ఇది నేరమా? పోలీసులు వస్తారని ఫ్రెండ్స్ ఆటపట్టిస్తున్నారు.
— బీటెక్ విద్యార్థి, స్వస్థలం ఆదోని

సమాధానం: క్రికెట్ చూసినందుకు పోలీసులు రారు, హాయిగా ఉండండి. మన దేశంలో ప్రాక్సీ గానీ వీపీఎన్ గానీ వాడటమే నేరమనే చట్టం లేదు. వాటి చాటున చేసిన పని నేరమైతే అది నేరమే. వీపీఎన్ సేవలిచ్చేవాళ్లు వినియోగదారుల వివరాలు ఐదేళ్లు దాచాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది, అది కంపెనీల బాధ్యత, మీది కాదు. కాలేజీ నియమం మీరినందుకు వార్డెన్ మందలిస్తే మాత్రం విని ఊరుకోవాలి.

సందేహం: కంపెనీ నుంచి అని ఫోన్ చేసి, మీ నెట్ ఆగిపోతుంది, మేం చెప్పిన ప్రాక్సీ నంబరు ఎక్కించండి, ఒక యాప్ కూడా వేసుకోండి అన్నాడు. సగం చేసినాక అనుమానమొచ్చి పెట్టేసినా. వయసైనవాణ్ణి, ఏం చేయల్లనో తెలీదు.
— పింఛనుదారు, మంత్రాలయం

సమాధానం: పెట్టేశారు చూడండి, అదే సగం రక్షణ పెద్దాయనా. ఫోన్ చేసి ప్రాక్సీ మార్చమని ఏ టెలికాం కంపెనీ చెప్పదు. ముందు ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఆ యాప్ తీసేయండి, తరువాత ప్రాక్సీని ‘నన్’ చేయండి. చేతకాకపోతే ఇంట్లో పిల్లల చేత చేయించండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా చూపించుకోండి. ఒక్క రూపాయి పోయినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

సందేహం: ఇవన్నీ వెతుక్కోవడం నా వల్ల కాదు. అన్నీ ఒకేసారి మొదటికి తెచ్చే బటన్ ఉందట. అది నొక్కితే మనవరాలి ఫొటోలు పోతాయేమోనని భయం.
— ఒక అమ్మమ్మ, ఎమ్మిగనూరు

సమాధానం: ఫొటోలు ఎక్కడికీ పోవమ్మా, సరైన బటన్ నొక్కితే చాలు. సెట్టింగ్స్‌లో రీసెట్ కింద ‘రీసెట్ నెట్‌వర్క్’ లేదా ‘రీసెట్ వైఫై, మొబైల్ అండ్ బ్లూటూత్’ అని ఉంటుంది. అది వైఫై పాస్‌వర్డులు, ప్రాక్సీలు, బ్లూటూత్ జతల వంటి నెట్‌వర్క్ సెట్టింగులు మాత్రమే చెరిపేస్తుంది. నొక్కేముందు ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మళ్లీ అడుగుతుంది. దాని దగ్గర్లోనే ‘ఎరేజ్ ఆల్ డేటా’ లేదా ‘ఫ్యాక్టరీ రీసెట్’ అని ఇంకొకటి ఉంటుంది. ఫొటోలు పోయేది దానితో, దాని జోలికి మాత్రం వెళ్లకండి.